నక్క అడిగిన ప్రశ్న

గుట్ట తవ్వి కట్టిన మా అపార్ట్‌మెంట్లో నక్కలు తెలుగు మాట్లాడతాయంటే మీరు నవ్వుతారు, నవ్వండి. మున్సిపాలిటీవాళ్లు వాటి మెడలో పట్టీ కట్టారు. ఊళ వేస్తే ఆ పట్టీలోంచి మాటై వినిపిస్తుంది.

మొన్న పొద్దున్న బొచ్చు రాలిన నక్క ఒకటి గేటు ముందు కూలబడింది. "చచ్చిన ఎలకను తిన్నానయ్యా, కడుపు మండిపోతోంది. ఆ ఎలకకు మందు పెట్టిందెవరు?"

"అబ్బ, ఏం గొంతండీ! పిల్లలు జడుసుకోరూ?" అంటూ సెక్రటరీ కోదండపాణి ఫోన్లో నొక్కి ఆ పట్టీకి గాయని గొంతు పెట్టాడు. నక్క అదే ప్రశ్న తియ్యగా అడిగింది. జనం మురిసిపోయి వీడియోలు తీశారు. నేనూ తలాడించాను.

మూడోసారి అడగబోయి, కళ్లు తేలేసి, సగంలో ఆగిపోయింది.

"బ్యాటరీ అయిపోయినట్టుంది బాబాయ్," అన్నాడు కోదండపాణి.

"అంతేనయ్యా, మార్పించు," అన్నాను. ఎలకల మందు పెట్టింది నేనే మరి.