అద్దం మీద అద్దం

"దీనికి ఎన్ని వేళ్లు బాబూ?"

"నలభై వేలమ్మా."

"నలభయ్యా! మనిషికి ఉండేవే పది కదా?"

"పదివేలకి దీని డబ్బా కూడా రాదు."

ఆ పెద్దావిడ రెండు చేతులూ చాపి చూపించింది. "వేలు కాదయ్యా, వేళ్లు! ఒకేసారి ఎన్ని వేళ్లు ఆనిస్తే పలుకుతుందీ అని."

సెల్‌ఫోన్ల షాపంతా గొల్లుమంది.

కౌంటరు వెనక మైకు మొహం మాడిపోయింది. మైకు అతని పేరు కాదు, అతని గొంతుకి షాపువాళ్లు పెట్టిన పేరు. గొంతు ఎంత పెద్దదైనా ఉద్యోగం మాత్రం మూడు నెలలుగా సైలెంట్ మోడ్‌లోనే ఉంది.

వచ్చేవారం మార్కెట్లోకి రాబోయే ఫోను, ఒకే ఒక్కటి, ముందుగా ఈ షాపుకొచ్చింది. పదకొండింటికి కంపెనీ ఇంజినీరు వస్తుంది. ప్రదర్శన పండితే మొదటి స్టాకు ఈ షాపుకి, పర్మినెంటు ఉద్యోగం మైకుకి. బెడిసికొడితే స్టాకు ఎదురు షాపుకి, మైకు రోడ్డుకి.

పొద్దున పెట్టె తెరిచినప్పుడు మైకుకే మాట పడిపోయింది. అంచుల్లేని తెర. వెనక నాలుగు కెమెరాలు. తెరమీది ఇసుక బొమ్మని తడిమితే వేలికి గరగర, నీటి బొమ్మని తడిమితే చల్లటి జారుడు!

తనివితీరా తడిమి, ఆపుచేసి, షాపు అలవాటు ప్రకారం దానిమీద గీతలు పడకుండా గార్డు గ్లాసు అతికించాడు. అక్కడ ఏ ఫోనుకైనా ముందు గ్లాసు, తర్వాతే క్లాసు.

"ఒక్కసారి ముట్టుకుంటానయ్యా," అంది పెద్దావిడ.

"ఇది చూసేదమ్మా, ముట్టేది కాదు."

"పేరేమో టచ్ ఫోను, టచ్ చేస్తానంటే ఒప్పుకోరు!"

మళ్లీ నవ్వులు. మైకుకి ఒళ్లు మండింది.

ఆమె వంగి చూసింది. "అయ్యో, పైన ఇంకో అద్దం అంటించావేంటి? ఇది చాలా సున్నితమైన గాజు. దాని కళ్లకి గంతలు కట్టినట్టే. తీసెయ్యి నాయనా."

"మీరొచ్చి నాకు నేర్పాలా? జరగండమ్మా, కొనేవాళ్లకి చోటివ్వండి!"

మైకు గొంతుకి వీధిలో వాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆమె సంచీ సర్దుకుని బస్టాపు వైపు వెళ్లిపోయింది.

పదకొండింటికి ఇంజినీరమ్మాయి వచ్చింది. జనం మూగారు.

"చూడండి! ముట్టీ ముట్టకముందే పలికే ఫోను!" మైకు వేలు ఆనించాడు.

తెర వెలిగింది గాని తెరుచుకోలేదు.

వేలు మార్చాడు. చెయ్యి మార్చాడు. చెమట తుడుచుకున్నాడు. ఓనరు పళ్లు నూరడం గుమ్మం దాకా వినిపించింది.

ఇంజినీరమ్మాయి ఫోను అందుకుని, గోటితో అంచు లేపి, చర్రున గార్డు గ్లాసు పీకేసింది.

ఫోను ప్రాణం పోసుకుంది.

ఒక్కొక్కరే తాకి చూస్తున్నారు. "అబ్బ!" అంటూ పక్కవాళ్లకి అందిస్తున్నారు. నల్లటి కాయలు కాచిన వేళ్లతో ఓ మెకానిక్ వెనకాడాడు. "నా వేలికి ఏ ఫోనూ పలకదండీ."

"తాకండి."

పలికింది. అతను తన వేలిని తానే కొత్తగా చూసుకున్నాడు.

"స్టాకు మీకే," అంది ఇంజినీరమ్మాయి. ఓనరు మైకు వీపు తట్టాడు.

"ఇంతకీ మా పెద్దావిడ రాలేదా?" ఆమె చుట్టూ చూసింది. "పొద్దున్నే వచ్చుంటారే. ఆవిడ చూస్తే ఈ గ్లాసు ఉంచనిచ్చేవారు కాదు."

మైకు గొంతు మొదటిసారి తగ్గింది. "వచ్చారండీ... నేనే..."

మాట పూర్తికాకుండానే బస్టాపుకి పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి ఇంజినీరమ్మాయి అందరికీ చెబుతోంది.

"ముప్పై ఏళ్లు మా ఫ్యాక్టరీలో అద్దాలు సానబట్టి ఆవిడ వేలిగీతలు అరిగి, వేళ్లు కాయలు కాశాయి. ఏ తెరా ఆవిడ వేలిని పట్టించుకునేది కాదు. అందుకే రెండేళ్లపాటు రోజూ కూర్చోబెట్టి, వైర్లు వేలాడే ఉత్త గాజుపలకకి ఆవిడ వేళ్లతోనే స్పర్శ నేర్పించాం. ఇవాళ ఇంతమంది వేళ్లకి ఇది పలికిందంటే గురువు ఆవిడే. పూర్తయిన ఫోనుని మాత్రం ఆవిడ ఇంతవరకు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."