గోడ కింద ఎర్ర చార

"ఒరేయ్ ముసలాయనా, పక్కకి జరుగు!"

విల్బర్ మూడుసార్లు అరిచాడు. ముసలాయన కదల్లేదు. కొండని నిలువునా కొట్టగా మిగిలిన రాతిగోడ అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ఎర్రటి చారను వేలితో రుద్దుతున్నాడు.

"ఆయనకి చెవుడురా," అన్నాడు మేస్త్రీ నసారియో, విల్బర్‌కి స్వయానా అన్న.

మూడు రోజులుగా ఆ ముసలాయన క్వారీలోనే తచ్చాడుతున్నాడు. పేరు అన్సెల్మో అన్నాడు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

తెలుసుకునే ఓపిక కూడా ఎవరికీ లేదు. అరెకీపా పట్నంలో కడుతున్న చర్చికి శనివారంకల్లా తెల్లరాయి పంపాలి. కొట్టీ కొట్టీ అందరి ఒళ్ళూ హూనమైపోయాయి.

"ఈ గోడ కింద కొట్టకండయ్యా," అన్నాడు ముసలాయన.

నసారియో విసుగ్గా సమ్మెట ఎత్తి గోడ మీద ఒక్కటి వేశాడు. ఖంగుమంది. రాయి మంచిదో చెడ్డదో ఆ మోతే చెప్పాలి. వాళ్ళ తాతలనాటి నుంచీ అదే పరీక్ష.

"విన్నావా?" అన్నట్టు చెవి చూపించాడు.

పనివాళ్ళు పగలబడి నవ్వారు. "చెవిటోడికా మేస్త్రీ నువ్వు మోత వినిపించేది!"

ముసలాయన నవ్వలేదు.

"మోగుతుందిలే. మోగేది పై రాయి. ఈ కొండ ఒక్కసారిగా పుట్టింది కాదు నాయనా. అగ్గికొండ ఒకసారి బూడిద కక్కింది, అది రాయయింది. వేల ఏళ్ళు ఎండకి పగిలి, వానకి నాని, దాని పైపొర ఇదిగో ఈ ఎర్రమట్టయిపోయింది. ఆ మట్టి మీద మళ్ళీ బూడిద పడింది. మీరు కొట్టేది ఆ రెండో రాయిని. అది మట్టి మీద కూర్చుని ఉంది. ఆ మట్టి ఇప్పుడు తడిసింది."

"రాయి సంగతి చెవిటోడి దగ్గర నేర్చుకోవాలట!" అన్నాడు విల్బర్. "ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?"

నసారియో చారను ముట్టుకుని చూశాడు. నిజంగానే తడి. మనసు కాస్త పీకింది. తమ్ముడు పనిచేసేది సరిగ్గా ఆ గోడ కిందే.

"శనివారం దాకా కానివ్వండిరా. ఆ తర్వాత చూద్దాం," అన్నాడు నీరసంగా.

మర్నాడు మధ్యాహ్నం చారలోంచి బురదనీళ్ళు కారసాగాయి.

"లేవండి! బయటికి రండి!" ముసలాయన గొంతు చించుకున్నాడు. ఒక్కడూ తల తిప్పలేదు. రోజూ ఉండే గోలే కదా.

విల్బర్ సమ్మెట కింద పెట్టి నీళ్ళు తాగుతున్నాడు. ముసలాయన ఆ సమ్మెట లాక్కుని పరుగెత్తాడు.

ఒకరి సమ్మెట ఇంకొకరు ముట్టుకోవడం అక్కడ మహాపాపం. ముట్టుకుంటే ఆ రోజు నెత్తురు కళ్ళ చూడక తప్పదని నమ్మకం.

"నీ తాడు తెగ! ఆగు!" విల్బర్ వెంటపడ్డాడు.

తమ్ముడు ఆయన్ని ఏం చేస్తాడోనని నసారియో పరుగెత్తాడు. తమాషా చూడ్డానికి మిగతా అందరూ పరుగెత్తారు.

రోడ్డు దగ్గర విల్బర్ ముసలాయన్ని అందుకుని ఒక్క తోపు తోశాడు. ఆయన వెల్లకిలా రాళ్ళ మీద పడ్డాడు.

అదే క్షణంలో వెనక కొండ కూలింది.

తెల్లదుమ్ము సర్దుకునేసరికి గోడ లేదు. అది ఉన్నచోట రాళ్ళగుట్ట ఉంది.

నసారియో తమ్ముణ్ణి కావలించుకుని బావురుమన్నాడు. "బతికావురా! అందరం బతికాం!"

ఆ తర్వాత ముసలాయన వైపు చూశారు. ఆయన లేవలేదు. ఎంత కుదిపినా లేవలేదు.

కొండ కూలిన కబురు విని రెండో రోజు ఆయన కూతురు ఇలారియా వచ్చింది. విల్బర్ ఆమె కాళ్ళ మీద పడిపోయాడు.

"నేనే తోశానమ్మా. నా చేతులతో నేనే చంపుకున్నాను."

ఆమె ఏడవలేదు. బాగా అలిసిపోయినట్టు రాయి మీద కూలబడింది.

"లే బాబూ. ఏ క్వారీకి వెళ్ళినా తన్నులే తినేవాడు. ఇరవై ఏళ్ళ నుంచీ ఇంటికి రమ్మని బతిమాలుతూనే ఉన్నాను."

"రాయి గురించి అన్నీ తెలిసిన మనిషమ్మా," అన్నాడు నసారియో. "ఇంజనీరా?"

"కాదన్నా. మీలాగే మేస్త్రీ."

చేతికి అంటిన తెల్లదుమ్ము దులుపుకుంటూ అంది.

"ఇరవై ఏళ్ళ కిందట పై లోయలో కొండ కూలి పద్నాలుగు మంది పోయారే, అందులో మా అన్నలిద్దరూ ఉన్నారు. కొండ నానింది, భయమేస్తోందని వాళ్ళు మొత్తుకుంటుంటే, తిట్టి దాని కిందకి పంపింది మా నాన్నే."