నోరు కట్టిన దొంగ

గొర్రెల దొంగ తిరుగుతున్నాడని వారం నుంచి ఫోన్లలో ఒకటే గోల.

కురిచేడులో కనిపించాడట. తర్వాత కంభంలో. భాష మనది కాదట. ప్రతి మంద దగ్గరా ఆగి ఏదో కూత వేస్తాడట, గొర్రెలు తలెత్తకపోతే పక్క ఊరికి పోతాడట.

నమ్మనివాళ్ళు నవ్వారు. ఒకరి కూతకు ఇంకొకరి మంద రాదు. గొర్రె మనిషికన్నా నయం, పెంచినవాడి గొంతు మరిచిపోదు.

ఆ నవ్వు గిద్దలూరు పక్కనున్న ఈ ఊరిదాకా వచ్చి ఆగిపోయింది.

పొద్దుగూకే వేళ నరసింహం బస్సు దిగి, కొండకింద తన దొడ్డి దగ్గరకు పరుగెత్తుకొచ్చేసరికి దొంగ దొరికిపోయి ఉన్నాడు. మంద కాసే కాటమరాజు వాడిని గుంజకు కట్టేశాడు. తువాలుతో నోరు కూడా బిగించి కట్టాడు.

"నోరెందుకురా?"

"మంత్రమంతా నోట్లోనే గదా మామా! నా కళ్ళతో చూసినా. వాడు కూతేసినాడో లేదో, మన చుక్క గొర్రె కంప దూకి పోయి వాని చెయ్యి నాకింది. దాని ఎనకే మందంతా పోయినాయి."

నరసింహం చేతికర్ర తీసి వాడి భుజం మీద రెండు వేశాడు.

అంత దెబ్బ తిన్నవాడు కర్రను చూడలేదు. నరసింహం ముఖమే చూశాడు. చూసి చూసి, కళ్ళతో నవ్వాడు.

"నవ్వుతున్నాడు చూడు, సిగ్గులేనోడు!"

ఇంటి నుంచి అతని భార్య చెంచులక్ష్మి, కోడలు రాధిక వచ్చారు. చెంచులక్ష్మి వస్తూనే గుప్పెడు మట్టి తీసి వాడి ముఖాన కొట్టింది.

"నా బిడ్డ సముద్రంలో ఏమైనాడో తెలీక ఏడాదిన్నర నుంచి సగం సచ్చి ఉన్నా. ఇన్ని ఊర్లుండగా నా ఇల్లే దొరికిందా నీకు?"

ఆమె కొడుకు శివకృష్ణను ఒక ఏజెంటు ఇటలీలో గొర్రెల ఫారం పనని తీసుకుపోయాడు. విమానం అన్నవాడు చివరికి పడవ ఎక్కించాడు. "ఒడ్డు దిగినాక ఫోన్ చేస్తానే" అన్నదే రాధిక విన్న ఆఖరి మాట. తర్వాత ఆ ఫోనూ లేదు, ఏజెంటూ లేడు.

బతికున్నాడా లేడా? ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేడు. రాధిక మెట్టెలు ఉంచుకోవాలో తీసేయాలో ఎవరికీ తెలియదు. ఎందుకొచ్చిన తంటా అని పేరంటాలకు పిలవడమే మానేశారు.

కట్టేసిన మనిషి కాళ్ళు చూసి రాధిక ఒక అడుగు ముందుకు వేసింది. మోకాళ్ళ కింద చర్మం ఉడికినట్టై నల్లగా మాడి ఉంది.

"కాసిన్ని నీళ్ళన్నా ఇయ్యండి మామా."

"తువాలు ఇప్పితే మళ్ళా కూతేస్తాడు చెల్లెమ్మా," అన్నాడు కాటమరాజు.

రాధిక చెంబుతో అట్లాగే నిలబడిపోయింది.

పోలీసులంటే తిరుగుళ్ళని నరసింహానికి భయం. మార్కాపురం నుంచి నంద్యాల పోయే పలకల లారీని ఆపాడు.

"ఘాటు దాటినాక కట్లు ఇప్పి వదిలెయ్ నాయనా. వీడు మళ్ళా ఈ దిక్కు రాగూడదు."

నలుగురు పట్టుకుంటే గానీ వాడు లారీ ఎక్కలేదు. తల అడ్డంగా ఊపుతూ, తువాలు లోపలే ఏదో అరుస్తూ, రాధికనూ చెంచులక్ష్మినీ మార్చి మార్చి చూశాడు. లారీ వెళ్ళిపోయింది. పీడ విరగడైందని అందరూ ఇళ్ళకు పోయి అన్నాలు తిన్నారు.

తెల్లారి రాధిక దొడ్డికి టీ తీసుకొచ్చింది.

"ఇంతకీ ఎట్ల కూతేసినాడన్నా?"

కాటమరాజుకు అదే కావాలి. రాత్రి నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూనే ఉన్నాడు. నాలుక మడిచి "టుర్ర్ర్..." అని సాగదీశాడు. ఆపి, పెదాలతో రెండు ముద్దు చప్పుళ్ళు చేశాడు.

నెమరేస్తున్న చుక్క చటుక్కున తలెత్తింది. కాటమరాజు దగ్గరకు ఉరికొచ్చింది.

"ఇంకోసారి," అంది రాధిక.

మళ్ళీ వేశాడు.

తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని, సీసాపాలు పట్టేటప్పుడు శివకృష్ణ వేసే కూత అది. ఆ పిల్లే ఈ చుక్క. కాటమరాజు ఆ కూత ఎన్నడూ వినలేదు, అతడు పనికి కుదిరిందే శివకృష్ణ ఇటలీకి బయల్దేరాక.

వెనకాల నిలబడి విన్న నరసింహం కర్ర పారేసి ముందుకొచ్చాడు.

"లారీ నంబరు చూసినావా రా?"

"లేదు మామా. ఏమైంది?"

"అది మా ఆయన కూత," అంది రాధిక. "ఆయన నేర్పకుండా ఆ మనిషికి రాదు."

కాటమరాజు భుజం మీది ఇంకో తువాలు తీసి, దాన్ని ఏం చేయాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

చమురు కలిసిన ఉప్పునీళ్ళు కాళ్ళు మాడ్చిన పడవలో శివకృష్ణ పక్కన కూర్చున్న ఆ మనిషి ఊరూరా తిరిగి వెతికింది గొర్రెలను కాదు, ఆ కూతకు తలెత్తే మంద ఉన్న ఇంటిని.