కమెన్స్ అంటే

కుట్టు ఫ్యాక్టరీ గేటుకి ఆ ఉదయం కొత్త నోటీసు అంటించారు.

ఆర్డర్లు లేవని ఫ్యాక్టరీ మూసినప్పటి నుంచీ ఆడవాళ్ళంతా రోజూ వచ్చి ఆ గేటు దగ్గరే కూర్చుంటున్నారు.

చొక్కాలకి కాలర్లు కుట్టే కాలరక్క అందరికంటే ముందు లేచింది.

"ఏం రాశారే?"

గుండీలు కుట్టే పిల్ల కూడబలుక్కుని చదివింది. "సోమవారం నుంచి పని కమెన్స్ అవుతుందట. అంటే మొదలవుతుందని."

అందరికీ ప్రాణం లేచొచ్చింది.

"నా మెషీన్ తుప్పు పట్టి ఉంటుంది, నా మోకాళ్ళలాగే" అంది కాలరక్క. చాలా రోజులకి అందరూ నవ్వారు.

గోడ వారగా నిలబడ్డ ఒకతను దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచి. అతన్ని అక్కడెవరూ ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఆగిన పని మళ్ళీ మొదలైతే రిజ్యూమ్ అని రాస్తారు. కమెన్స్ అంటే కొత్తగా ఆరంభించడం. పాతవాళ్ళతో సంబంధం లేదనడానికే ఆ మాట వేశారు."

"రెండూ మొదలే కదయ్యా" అంది కాలరక్క.

"నిన్న ఆపిన చొక్కా మళ్ళీ అందుకోవడమూ, కొత్త గుడ్డ కత్తిరించడమూ ఒకటేనా తల్లీ?"

కాలరక్క మళ్ళీ నోటీసు వైపు చూసింది.

"ఓనరు సాయంత్రం దాకా లోపలే ఉంటాడు. అందరూ కలిసి వెళ్ళి, పాతవాళ్ళనే తీసుకుంటామని రాయించుకోండి. రేపైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే."

కాలరక్క మొహం మాడిపోయింది. "శుభం పలకరా అంటే ఇవా మాటలు. మేం లోపలికెళ్ళి గొడవ చేస్తే, ఆ వంకతో ఉన్న పని కూడా పీకేద్దామనేగా. నిన్ను ఓనరే పంపాడు కదూ?"

"కాదమ్మా, నేను..."

"నీ దారిన నువ్వు పో బాబూ."

వెనక నుంచి ఎవరో అతని సంచి లాగి రోడ్డు మీద పడేశారు.

అతను సంచి తీసి దులుపుకున్నాడు. ఇంకేదో చెప్పబోయి, వాళ్ళ మొహాలు చూసి మానుకున్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఓనరు కారు బయటికొస్తుంటే వాళ్ళే పక్కకి జరిగి దారిచ్చారు. దండాలు కూడా పెట్టారు.

సోమవారం బాక్సులు కట్టుకుని వచ్చారు. గేటు తెరుచుకోలేదు.

వెనక గేటు దగ్గర బస్సు ఆగింది. ఎవరో కొత్త అమ్మాయిలు దిగి లోపలికెళ్ళారు. కాసేపటికి మెషీన్లు మోగాయి.

కాలరక్క గేటు ఊచలు పట్టుకుని వాచ్‌మన్‌ని అడిగింది. "మరి మేం?"

"నోటీసు పెట్టిన సాయంత్రమే కొత్తవాళ్ళని తీసుకునే కాగితాల మీద సంతకాలైపోయాయక్కా. మీ పేర్లు తీసేశారు. ఇక ఎక్కడికెళ్ళినా లాభం లేదంటున్నారు."

ఎవరూ ఏడవలేదు. ఇంటికి వెళ్దామని కూడా ఎవరూ అనలేదు.

గుండీల పిల్ల నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు వచ్చినాయన అన్నట్టే జరిగిందన్నా. ఆయన ఓనరుకి ఏమవుతాడు?"

వాచ్‌మన్ కళ్ళు దించుకున్నాడు.

"ఏమీ కాడమ్మా. నోటీసులో మీ కోసం రిజ్యూమ్ అని టైపు కొట్టి, కమెన్స్ అని మార్చమంటే మార్చనని, ఆ పొద్దున్నే ఉద్యోగం పోగొట్టుకున్న హెడ్డాఫీసు టైపిస్టు."