బంతి మర్యాద

సిద్దిపేటలో ఆ రోజుల్లో సర్వర్ భాయ్ హోటల్ ముందు నుంచి పోయేవాళ్లు ఆగి మరీ ఉమ్మేవారు.

ఉమ్మరా మరి? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆ ఊరిని అణచడానికి ఎక్కడినుంచో ఒక పోలీసు బెటాలియన్ దిగి, మూతబడ్డ పత్తి గోదాములో మకాం పెట్టింది. వాళ్లకు వండిపెట్టమంటే ఒక్క వంటవాడూ ఒప్పుకోలేదు. చాయ్ బండ్లవాళ్లు కూడా వాళ్లను చూడగానే స్టవ్ ఆర్పేసేవారు. అలాంటిది, అంత గుంపుకూ రెండు పూటలా భోజనం ఏర్పాటు నాదేనని సర్వర్ తానే పోయి చెప్పి వచ్చాడు.

మర్నాడే భూపతి వచ్చాడు. ఆయన సమ్మెలో ఉన్న బడిపంతులు, ఊరి జేఏసీకి పెద్ద. హోటల్ మెట్లు కూడా ఎక్కలేదు. నడిబజారులో నిలబడి నలుగురూ వినేలా అన్నాడు.

“మన మీద లాఠీలు లేపెటోళ్లకు బువ్వ పెడ్తవా? ఇయ్యాల్టి సంది నీకు ఈ ఊర్ల నీళ్లు గూడ పుట్టయి. యాదుంచుకో.”

సర్వర్ తల ఎత్తలేదు. ఉల్లిగడ్డలు కోస్తూనే ఉన్నాడు. అది చూసి జనానికి ఇంకా ఒళ్లు మండింది.

పాలు పోసే సారయ్య ఆ గల్లీకి రావడం మానేశాడు. గిర్నీవాడు పిండి పట్టనన్నాడు. సర్వర్ భార్య హుస్నాబీ బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకు జరిగేవారు. ఆమె ఏడుస్తూ ఇంటికొచ్చి మొగుణ్ని నిలదీసేది. పని ఎవరిదైనా పనే కదా అనేవాడు సర్వర్. ఆ జవాబు వింటే ఆమెకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

పోనీ, నాలుగు మెతుకులు పడేసి వచ్చేవాడా అంటే అదీ కాదు. అక్కడా మర్యాదలే! సర్వర్‌ది పాత పద్ధతి. పెళ్లయినా చావైనా ఆయన బంతి తీరు ఒకటే. దేగ్చా మూత చుట్టూ పిండి అంటించి దమ్ పెట్టాక, ఆయన సరే అనేదాకా ఎవరూ మూత ముట్టకూడదు. అందరూ ఒకే బంతిలో కూర్చోవాలి. చివరి మనిషికి వడ్డన అయ్యేదాకా మొదటి మనిషి ముద్ద ఎత్తకూడదు. చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు. ఆ మటన్ దాల్చా కోసం ఇన్‌స్పెక్టర్ అంతటివాడు కూడా బుద్ధిగా కూర్చుంటాడట. పగవాళ్లకు ఇంత ఘనమైన బంతా అని ఊరు పళ్లు కొరికింది.

ఉద్యమం మాత్రం ఆగలేదు. భూపతి ఎప్పుడంటే అప్పుడు జనం రోడ్డెక్కేవారు. పోలీసులు వచ్చేసరికి కావాల్సింది కానిచ్చుకుని ఇళ్లకు చేరేవారు. భూపతి సారు ముహూర్తం పెడితే తిరుగులేదని అందరూ మురిసిపోయేవారు.

ఇంతలో పెద్ద వంటావార్పు వచ్చింది. హైదరాబాద్ పోయే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టాలి, అక్కడే వండాలి, అక్కడే బంతులు వేసి తినాలి. పొయ్యిలు అంటుకోక ముందే పోలీసులు దిగితే అంతా మట్టిపాలే. జనం కూర్చుని విస్తరిలో చెయ్యి పెట్టారంటే మాత్రం లేపడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ పొద్దు అందరి కళ్లూ గోదాము వైపే ఉన్నాయి.

పొద్దెక్కేసరికి రోడ్డు పొడుగునా పొయ్యిలు లేచాయి. కులానికో పొయ్యి, సంఘానికో పొయ్యి. హుస్నాబీ కూడా వచ్చింది. వరుస చివర మూడు రాళ్లు పేర్చి, తన గిన్నె పెట్టబోయింది. పక్క పొయ్యి దగ్గరున్న ఇబ్రహీంపూర్ సాయవ్వ లేచి ఆ రాళ్లను కాలితో తన్నేసింది. హుస్నాబీ గిన్నె పట్టుకుని నేరుగా భూపతి ముందుకు పోయింది.

“నేనేం జేసిన్నన్నా? మా అమ్మగారింటి బియ్యం, నా చేతి వంట. నన్ను గూడ మీల కలుపుకోన్రి.”

భూపతి ఆమె ముఖంలోకి చూడలేదు.

“మీ ఇంటి మెతుకు మా బంతికద్దు. పో ఈడికెళ్లి.”

ఆమె పోయింది. ఎవరూ అయ్యో అనలేదు. అలాగే కావాలి అన్నవాళ్లే ఎక్కువ.

బెటాలియన్ వచ్చేసరికి వేలమంది విస్తర్ల ముందు కూర్చుని తింటున్నారు. ఇన్‌స్పెక్టర్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఎవరిని లేపాలో తెలియక తన వాళ్లను వెనక్కి తిప్పుకుని పోయాడు. పక్కనుంచి పోతుంటే పోలీసుల చేతులకు ఇంకా దాల్చా వాసన వస్తోంది. ఆ వాసనకు జనం సర్వర్‌ను మళ్లీ బూతులు తిట్టారు.

సాయంత్రం రోడ్డు తెరుచుకోగానే హుస్నాబీ బట్టలు మూటగట్టింది. గజ్వేల్‌లో ఉన్న తల్లి దగ్గరికి పోతానంది. ఆటో వచ్చి నిలబడ్డాక గడప దగ్గర ఆగింది.

“ఎందుకు ఒప్పుకున్నవో ఒక్క మాట జెప్పు. నేను పోను.”

సర్వర్ ఆమె చేతిలోని మూట అందుకున్నాడు. దాన్ని తీసుకుపోయి ఆటోలో పెట్టాడు. ఆటో వెళ్లిపోయింది.

మసక పడుతుండగా సర్వర్ ఒక్కడే హోటల్ వెనక దొడ్లో కూర్చుని పెద్ద దేగ్చా తోమాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని దాన్ని ఎత్తబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు.

దొడ్డి తలుపు మెల్లగా తోసుకుని వచ్చి, దేగ్చా రెండో పక్క కడియం పట్టుకుంటూ భూపతి అన్నాడు: “నేను జెప్పినట్టే ఇయ్యాల మూత మస్తు ఆలస్యంగ తీసినవ్ సర్వర్ భాయ్, రేపు గూడ గట్లనే జెయ్యి, నేను నిన్ను ఇంకింత గట్టిగ తిడ్త.”