బాలన్న దీక్ష

"లేవకు బాలన్నా! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

డాక్టర్ నిరంజన్ గదమాయించేసరికి బాలన్న మళ్లీ చాప మీద వాలాడు. మండలాఫీసు ముందు వేసిన టెంటులో అతనికది ఐదో రోజు. నీళ్లు, చిటికెడు ఉప్పు తప్ప కడుపులోకి ఏమీ పోవడం లేదు. పెళ్లాం సుభద్రమ్మ చంకలో బిందెతో రావడం చూసి లేచి కూర్చోబోయాడు, పాపం. అదీ అతను చేసిన నేరం.

"జర లేచి కూసుంటే ఏమైతది సార్?" అన్నాడు వెంకట్రాములు. బాలన్న ఊరివాడే, దీక్షకు తోడుగా ఉంటున్నాడు.

"చానా ఐతది. తిండి బందు పెడితే ఒక్క దినంలనే ఒంట్ల దాచుకున్న చక్కెర అయిపోతది. ఆ తర్వాత కొవ్వు కరుగుతది, కండ కరుగుతది. కదలకుండ పండుకుంటే ఒళ్లు పొదుపుగ వాడుకుంటది, పొయ్యి మంట తగ్గించినట్టు. బరువులు మోసినా, ఉరికినా ఉన్న కండ జల్ది కరిగిపోతది. గుండె సుత కండనే గద! ఉన్నపళంగ ఆగిపోవచ్చు."

సుభద్రమ్మ ముఖం పాలిపోయింది. "ఇన్నవా అయ్యా? ఇగ నువ్వు కాలు కింద పెట్టినవంటే నా మీద ఒట్టే."

ఆ ఏడు, రెండువేల మూడు ఎండాకాలం, గట్టు మండలం దిక్కున బోర్లన్నీ ఎండిపోయాయి. బాలన్న ఊళ్లో ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి ఒక చేనుబావి నుంచి నీళ్లు మోసుకొస్తున్నారు. ఊరికి పైపు వేయించమన్న కాగితం మూడేళ్లుగా ఆఫీసులో మూలుగుతోంది. ఒకనాడు సుభద్రమ్మ నిండు బిందెతో పడి మోకాలు చీరుకుంది. మర్నాడే బాలన్న వచ్చి ఆఫీసు ముందు పడుకున్నాడు. పైపు పడాలి, లేదా తన పాడె లేవాలి. పెళ్లాం మోకాలి కోసం ఇంత మొండికేసిన మగవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

ఏడో రోజు కూడా డాక్టర్ ఎప్పటిలాగే కాటా తెచ్చి బాలన్నను తూచాడు. ముందటి రోజుకీ ఆ రోజుకీ పావు కిలో కూడా తగ్గలేదు. ఇంకేముంది! టెంటు బయట గుసగుసలు మొదలయ్యాయి. దొంగచాటుగా తింటున్నాడన్నారు. పెళ్లామే తెచ్చిపెడుతోందన్నారు.

"వదినే, కొంగు చాటున రొట్టె గిట్ట తెస్తున్నవా ఏంది?" అని వెంకట్రాములు కూడా నవ్వులాటకు అనేశాడు.

సుభద్రమ్మ బిందె దించి, అందరి ముందూ కొంగు విప్పి దులిపింది.

"సూడుండ్రి! సూస్కోండ్రి! నా మొగడు దొంగతిండి తింటడా? ఆయన పానం మీదికి తెచ్చుకున్నది ఎవల కోసం? మీ ఇండ్లల్ల బిందెలు నింపనీకి గాదా? జర సిగ్గుండాలె!"

అంటూనే టెంటు గుంజను పట్టుకుని చతికిలబడింది. ఒళ్లంతా చెమట.

"ఒళ్లు నెమ్మదికి అలవాటు పడ్డది, గందుకే తగ్గలేదు. ఆయన ఏం తినలేదు, నేను చెప్తున్న," అని డాక్టర్ జనం నోళ్లు మూయించి ఆమె వైపు తిరిగాడు. "నువ్వేందమ్మా, గింత చిక్కిపోయినవు?"

"కరువుపనికి పోయొస్తది సార్. పొద్దంతా మట్టి తట్టలు మోసి, మళ్ల ఈడిదాక నీళ్లు మోస్కొస్తది," అంది పక్కింటి సరోజ.

"బంద్ చేయి సుభద్రా," అన్నాడు బాలన్న చాప మీది నుంచి. గొంతు పీలగా వచ్చింది.

"కూలికి బియ్యం ఇస్తుండ్రయ్యా. నువ్వు లేచినంక వండాలె గద? నాకేమైతది, నేను దీక్ష పట్టిన్నా?" అని నవ్వేసింది సుభద్రమ్మ.

మొగుడు చావుకు ఎదురుగా పడుకుని ఉంటే ఏ ఆడదాని ఒంటికి కండ పడుతుంది? దిగులు తినేస్తోందని అందరూ జాలిపడ్డారు.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం మండలాఫీసు పెద్దసారు జీపు దిగాడు. చేతిలో ఉత్తర్వు. వారంలో పైపు పని మొదలు! టెంటు దద్దరిల్లింది. వెంకట్రాములు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. డాక్టర్ స్వయంగా నిమ్మరసం కలిపి గ్లాసు అందించాడు.

"మెల్లగ తాగు. ఒక్కొక్క గుక్క."

బాలన్న గ్లాసు అందుకుని అలాగే పట్టుకున్నాడు. "నా ఇంటిది రానీ సార్. ఆమె చేత్తోనే తాగుత."

"ముందు తాగవయ్యా!"

"తొమ్మిది దినాలు ఆగిన. ఇంకొక గంట ఆగలేనా?"

సరోజ కరువుపని చోటికి పరుగెత్తింది. కబురు వినగానే సుభద్రమ్మ తట్ట విసిరేసింది. "నా మొగడు గెలిచిండు!" అని అరుస్తూ ఎర్రటి ఎండలో ఉరికింది. సరోజ వెనకబడిపోయింది. చెరువు కట్ట దాటి మైలు దూరం ఉరికి, ఆఫీసు కనబడే మలుపులో బోర్లా పడిపోయింది సుభద్రమ్మ.

ఆటోలో వేసుకుని టెంటు దగ్గరికే తెచ్చారు. డాక్టర్ గుండె మీద రెండు చేతులూ వేసి చాలాసేపు నొక్కాడు. చివరికి లేచి నిలబడ్డాడు. ప్రాణం లేదు. బాలన్న చాప మీది నుంచి పాక్కుంటూ వచ్చి ఆమె పాదాలు పట్టుకున్నాడు. నిమ్మరసం మట్టిలో ఒలికిపోయింది.

డాక్టర్ కిందికి వంగి ఆమె చేతులు చూశాడు, చెంపలు చూశాడు, లోపలికి పోయిన కడుపు చూశాడు. ఈ తొమ్మిది రోజులూ బాలన్న ఒంట్లో చూస్తూ వచ్చిన గుర్తులే అవన్నీ.

"ఈమె ఆఖరుకు ఎప్పుడు తిన్నదమ్మా?" అని అడిగాడు సరోజను.

సరోజ కొంగు నోట్లో కుక్కుకుని, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసింది.

"మొగడు తిన్నంకనే తింటది సార్."