జాబితాలో నలభై ఒకటో పేరు

తలకట్టు మీద మందు పసుపుగా ఊరిన మనిషి ఒకడు బల్ల ముందు నిలబడ్డాడు, చేతిలో ఆసుపత్రి చీటీతో.

మంగళవారం కొండమీద నుంచి బురద వరద దిగి, పచ్చికబీళ్ళలో కాపరుల గుడారాలన్నిటినీ ఊడ్చుకుపోయింది. గాయపడ్డవాళ్ళను ఏది దగ్గరైతే ఆ ఆసుపత్రికి చేర్చారు. ఎవరు ఎక్కడున్నారో చెప్పడానికి ఓష్ పట్నంలో ఒక బడి ఆటలగదిలో ఈ బల్ల వేశారు.

"మా తమ్ముడు. మెదెర్ అసానోవ్. ఇరవై నాలుగేళ్ళు," అన్నాడతను.

బల్ల వెనక కూర్చున్న బత్మా అక్క కంప్యూటర్లో పేరు కొట్టింది. "లేదు నాయనా. జాబితాలు ఇంకా వస్తున్నాయి. సాయంత్రం రా."

"ఈ మూడు రోజుల్లో ఒక్కరికైనా ఉందని చెప్పావా అక్కా?"

"నా చేతిలో ఏముంది? అది లేదంటే నేనూ లేదంటాను."

"అయితే నా పేరు కొట్టు. కుబాత్ అసానోవ్. నేనున్నానో లేనో తేలుద్దాం. మా ఆవిడ ఎలాగూ లేనట్టే చూస్తుంది."

వరసలోవాళ్ళు నవ్వారు. వెనక కుర్చీలో ఉన్న చినారా కూడా నవ్వింది. పేర్లు వెతికే ఆ ప్రోగ్రాం రాసింది ఆమే. వరద కబురు విని, ఒక్క పూటలో రాసి, రాజధాని బిష్కెక్ నుంచి పట్టుకొచ్చింది.

బత్మా కొట్టింది. తెర చూసింది. ఈసారి ఒక్కో అక్షరం పలుకుతూ మళ్ళీ కొట్టింది.

"లేదు."

"మూడు రోజులు మంచమ్మీద పడుండి ఇందాకేగా లేచొచ్చాను. నర్సు నా ముందే పేరెక్కించింది."

నవ్వు ఆగిపోయింది.

చినారా ఆసుపత్రి పంపిన జాబితా తెరిచింది.

నలభై ఒకటో వరస. కుబాత్ అసానోవ్.

పేరుకు ముందో వెనకో ఒక ఖాళీ ఉండాలని, ఒక అక్షరం తప్పుండాలని కోరుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ప్రోగ్రాం కోడ్ తెరిచింది. రెండు పేర్లను పోల్చే చోట రెండు సమానం గుర్తులు పక్కపక్కనే ఉన్నాయి.



ఆమె ప్రోగ్రాం రాసిన జావా భాషలో ఆ గుర్తు, అక్షరాలు ఒకటేనా అని అడగదు. రెండూ కంప్యూటర్ మెమరీలో ఒకేచోటున్న ఒకే వస్తువా అని అడుగుతుంది. చదువు మొదలెట్టిన ఏడాదే నేర్చుకునే సంగతి. ఆఫీసులో కొత్తవాళ్ళను ఆమె దీనికే తిట్టేది.

పరీక్షించినప్పుడు ఒక్క తప్పూ రాలేదు. అప్పుడు పేర్లు తనే కోడ్‌లో రాసుకుంది, జాబితాలో ఒకసారి, వెతకడానికి ఒకసారి. అలా కోడ్‌లో రాసిన పదాన్ని జావా ఒక్కసారే తయారుచేసి దాచుకుంటుంది. అదే పదం మళ్ళీ కనబడితే, దాచిందాన్నే తీసి ఇస్తుంది. అడిగిందీ ఉన్నదీ ఒకే వస్తువు. అందుకే అవునంది.

ఇక్కడ బత్మా కొట్టిన ప్రతి పేరూ అప్పటికప్పుడు కొత్తగా పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతి పేరూ ఇంకెక్కడో విడిగా పుట్టింది.

మూడు రోజులుగా, ఎవరు వచ్చి ఎవరి గురించి అడిగినా, ప్రోగ్రాం లేదనే చెప్పింది.

కోడ్‌లో ఒక్క వరస మార్చింది. అర నిమిషం పట్టలేదు.

ఇంతవరకూ అడిగిన పేర్లన్నీ మళ్ళీ వెతికించింది.

తెర నిండిపోయింది. కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి.

"వీళ్ళందరూ లేరని నేనే..." బత్మా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చదువక్కా. గట్టిగా చదువు."

చదివింది. వరసలో ఒక పెద్దాయన ఉన్నచోటే కూలబడ్డాడు. ఎవరో తలుపు తోసుకుని బయటికి పరుగెత్తారు. కుబాత్ పేరు వచ్చింది. మెదెర్ పేరు రాలేదు.

పదిహేడో పేరు దగ్గర బత్మా వేలు తెర మీద ఆగింది.

"జోల్దోష్ తుర్గున్‌బాయెవ్. ఆరో వార్డు. కాలు విరిగింది. బుధవారం పొద్దుటి నుంచి."

"ఎవరక్కా?"

"మా వీధి సైరా మొగుడు. బుధవారం ఒక్కరోజే నాలుగుసార్లొచ్చి అడిగింది."

"నంబరివ్వు. ఇప్పుడే చెబుదాం."

బత్మా తన ఫోన్లో నంబరు తీసి చూపింది.

"ఏ ఆసుపత్రిలోనూ లేడు, ఇంక మార్చురీలో చూసుకోమ్మా అన్నాను. నేనే అన్నాను చినారా. నిన్న పొద్దున వెళ్ళింది. ముఖం ఆనవాలు లేదట. రబ్బరు బూట్లు చూసి ఇతనే అంది."

నల్ల రబ్బరు బూట్లు. కొండమీద గొర్రెలు కాసే ప్రతి మగవాడి కాళ్ళకూ అవే.

"ఇంటికి తెచ్చేశారా?"

"నిన్న మధ్యాహ్నమే మట్టి చేశారు. వాకిట్లో చావు గుడారం వేశారు. నేనూ పోయి గుండె బాదుకుని ఏడ్చొచ్చాను."

చినారా ఆ నంబరు కొట్టి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది. మీ ఆయన బతికే ఉన్నాడని చెప్పడానికి వాక్యం సిద్ధం చేసుకుంది. దాని తర్వాత, మరి నిన్న పాతిపెట్టింది ఎవరినో చెప్పే వాక్యం దొరకలేదు.

కుబాత్ బల్ల మీదికి వంగాడు.

"చెల్లీ," అన్నాడు మెల్లగా, "ఎత్తితే ఒక్కటి అడిగి పెట్టు. మట్టి చేసిన ఆ మనిషికి ఎడమచేతి చిటికెనవేలు సగానికి తెగి ఉందా అని."